పాతికేళ్ల మాట

పోయిన నెల మా ఇంటికి రీడింగ్ తీసే కుర్రాడు వచ్చి, మెషిన్‌లోంచి చీటీ చింపి చేతిలో పెట్టాడు. మీ ఇళ్లకు వచ్చే చీటీలాంటిదే. కాకపోతే మాదాంట్లో రెండు రీడింగులుంటాయి. ఒకటి ఇంపోర్ట్, ఇంకోటి ఎక్స్‌పోర్ట్. లైనులోంచి మేం వాడుకున్నది 198 యూనిట్లు. డాబా మీద పెట్టిన మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ల నుంచి లైనులోకి పోయింది 231. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ చీటీ రెండుసార్లు చదివింది.

"అయితే వాళ్లే మనకు బాకీ అన్నమాట" అంది.

"అవునమ్మా, 33 యూనిట్లు."

"మరి బిల్లు సున్నా రాలేదేం? బాకీ డబ్బులేవి?"

ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ అని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. "ఈ లెక్క ఎవరు వేశారు? వాళ్ల పేరు చెప్పు" అంది. పేరు చెప్పడం అంత సులువు కాదు. ఎందుకంటే అరచెయ్యంత కూడా లేని ఆ చీటీలో నలుగురి చెయ్యి ఉంది. డాబా మీద ప్యానెళ్లు పెట్టుకున్నందుకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇచ్చింది కేంద్రం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం అది. సౌర విద్యుత్తును ప్రోత్సహిస్తామని విధానం ప్రకటించింది రాష్ట్రం. మిగిలిన యూనిట్లను ఎలా జమ కట్టాలి, ఏ రేటుకు లెక్క తేల్చాలి అని నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి, అదే మనం ఈఆర్‌సీ అంటామే, అది. ఇక మీటరు బిగించేది, చీటీ ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం. మిగులు యూనిట్లకు డిస్కం కట్టే రేటు, మనం కొనే రేటు ఒకటి కావు. మా అమ్మకు ఇది అన్యాయంగా తోచింది. రాత్రి మనం వాడుకునే కరెంటుకు తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ లైన్‌మన్లూ వాళ్లవే కదా అన్నాను. అప్పటికి ఊరుకుంది.

ఆ మీటరు సంగతి కూడా చెప్పాలి. పది కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కు సాంకేతిక పరిశీలన అక్కర్లేదని, డిస్కం తన పని 15 రోజుల్లో ముగించాలని 2024లోనే కేంద్రం రూలు సవరించింది. మేం ఆ తర్వాతే అర్జీ పెట్టుకున్నాం. మీటరు నాలుగు నెలలకు వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను. ప్యానెళ్లు ఎండలో కూర్చుని ఉన్నాయి, మేం మామూలు బిల్లు కడుతూ ఉన్నాం. ఢిల్లీలో రాసిన రూలుకు, మా వీధి స్తంభానికి మధ్య ఎంత దూరముందో ఆ నాలుగు నెలల్లో తెలిసింది.

రాజ్యాంగంలో విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే కేంద్రమూ చట్టం చేయవచ్చు, రాష్ట్రమూ చేయవచ్చు. ఇద్దరు పెద్దలున్న ఉమ్మడి కుటుంబం అనుకోండి. పెద్దాయన పండక్కి అందరికీ బట్టలు పెడతానని ఊరంతా చెబుతాడు. సంతకు పోయి డబ్బు కట్టి తెచ్చేది మాత్రం చిన్నాయన. 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసుతో పనిలేని విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లకు చేరాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో ప్రపంచం ముందు చెప్పిన మాట అది. చెప్పింది కేంద్రం. ఆ కరెంటు కొని, నెలనెలా బిల్లు కట్టాల్సింది రాష్ట్రాల డిస్కంలు. ఇవాళ నేను చెప్పబోయే తగాదా అంతా ఇందులోంచే పుట్టింది.

మొదట్లో ఇంత పెద్ద వ్యవహారం కాదిది. 1970లలో చమురు ధరలు మండిపోయాక, 1982లో ఢిల్లీలో సంప్రదాయేతర ఇంధనాలకు ఒక శాఖ పెట్టారు. 1992లో దాన్ని మంత్రిత్వ శాఖ చేశారు. 1986లో హైదరాబాదులో నెడ్‌క్యాప్ అనే రాష్ట్ర సంస్థ వచ్చింది. మా ఊళ్లో వాళ్లను గోబర్ గ్యాస్ వాళ్లు అనేవారు. పొగ రాని పొయ్యిలు, సోలార్ లాంతర్లు, పేడ తొట్లు, ఇవీ వాళ్ల సరుకు. ఆ సంస్థే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ పేరుతో వేల మెగావాట్ల ప్రాజెక్టుల దస్త్రాలు చూస్తోంది.

గాలిమరలకు కేంద్రం తొలినాళ్లలో ఇచ్చిన ప్రోత్సాహం ఆదాయపు పన్నులో రాయితీ. గాలిమర కొన్న ఏడాదే దాని ఖరీదు మొత్తాన్ని తరుగు కింద రాసుకోవచ్చన్నారు. లాభాలు బాగా వచ్చిన కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి గాలిమరలు పాతాయి. అది తిరిగినా తిరక్కపోయినా వాళ్ల లెక్క సరిపోయింది. ఈ తెలివి అర్థమయ్యాక, 2009లో, తయారైన ప్రతి యూనిట్‌కూ 50 పైసలు ఇస్తామని ఇంకో పథకం పెట్టారు. డబ్బు దేనికిస్తే ఆ పనే జరుగుతుంది. పాతినందుకిస్తే పాతుతారు, తిప్పినందుకిస్తే తిప్పుతారు.

అసలు మలుపు 2003 విద్యుత్ చట్టం. అందులో 86వ సెక్షన్‌లో ఒక చిన్న క్లాజు ఉంది. పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించడం, ప్రతి డిస్కం తాను కొనే కరెంటులో ఇంత శాతం దాన్ని కొనితీరాలని నిర్ణయించడం రాష్ట్ర ఈఆర్‌సీల విధి అని ఆ క్లాజు చెబుతుంది. కొనుగోలు బాధ్యత అంటున్నది దీన్నే. సొంత కరెంటు తయారు చేసుకునే పరిశ్రమలు మాకెందుకీ బాధ్యత అని రాజస్థాన్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మీకూ తప్పదని 2015లో కోర్టు చెప్పింది. చాలా రాష్ట్రాలు మాత్రం ఏళ్ల తరబడి ఈ శాతాన్ని కాగితం మీదే ఉంచేశాయి. తప్పినవాళ్లను ఈఆర్‌సీలు చూసీ చూడనట్టు వదిలేశాయి. అందుకే కేంద్రం దారి మార్చింది. ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2024-25లో 29.91 శాతంతో మొదలుపెట్టి 2029-30 నాటికి 43.33 శాతానికి చేరాలని 2023లో తనే అంకెలు వేసి నోటిఫై చేసింది. చిన్నాయన కొనడం లేదని పెద్దాయన సంతకు తనే బయల్దేరాడు.

ఇప్పుడు ధర సంగతి. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైన ఏడాది, కేంద్ర నియంత్రణ మండలి సౌర విద్యుత్తుకు కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. తప్పు వినలేదు, పదిహేడు రూపాయల పైచిలుకే. ఆ ఏడాది చివర వేలం పెడితే సగటున 12 రూపాయల చిల్లరకు దిగింది. 2015 నవంబరులో మన కర్నూలు జిల్లా గని దగ్గరి సోలార్ పార్కుకు ఎన్టీపీసీ వేలం పెడితే 4 రూపాయల 63 పైసలు పలికింది. దేశమంతా నోరెళ్లబెట్టింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు 3 రూపాయల 15 పైసలు. ఇంకో నెలకే రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 2 రూపాయలకు ఒక పైసా తక్కువ.

గనిలో అంత తక్కువకు పాడిన అమెరికన్ కంపెనీ ఆరు నెలలు తిరక్కుండానే దివాలా అర్జీ పెట్టుకుంది. ప్రాజెక్టు చేతులు మారి పూర్తయింది. గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్లు. భూమి సేకరించి, రోడ్లు, సబ్‌స్టేషన్లు సిద్ధం చేసి పెట్టింది రాష్ట్రం. సోలార్ పార్కులకు మెగావాట్‌కు 20 లక్షల దాకా ఇచ్చింది కేంద్రం. కంపెనీ వచ్చి పలకలు బిగించుకుంటే చాలు. ధర దిగడానికి చైనా పలకలు చవకవడం ఒక కారణమైతే, భూమి, లైను తలనొప్పులను ప్రభుత్వాలు తమ నెత్తిన వేసుకోవడం ఇంకో కారణం. ఆ తలనొప్పిలో కొంత రైతుకూ వచ్చింది. అప్పటి అనంతపురం జిల్లా నంబులపూలకుంట పార్కులో, పట్టా ఉన్నవాళ్లకు ఒక లెక్క, కాగితం లేకుండా తరాలుగా సాగు చేసుకుంటున్నవాళ్లకు ఇంకో లెక్క అని పెద్ద గొడవే జరిగింది. యూనిట్ ధరలో ఆ లెక్క ఎక్కడా కనపడదు.

ధర ఇంత వేగంగా పడిపోతుంటే ముందే సంతకం పెట్టినవాడి పరిస్థితి ఏమిటి? కరెంటు కొనుగోలు ఒప్పందం, పీపీఏ అంటాం, అది పాతికేళ్లకు రాసుకుంటారు. ఎందుకంటే ఈ ప్లాంట్లకు బొగ్గు ఖర్చు లేదు. ఖర్చంతా మొదటి రోజే. అప్పు తెచ్చి కట్టి, పాతికేళ్లు నెమ్మదిగా తీర్చుకోవాలి. ఫలానా రేటుకు డిస్కం కొంటుందన్న కాగితం చూసే బ్యాంకు అప్పిస్తుంది. ప్రభుత్వాలేమో ఐదేళ్లకొకసారి మారతాయి.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో అదే జరిగింది. మే నెలలో కొత్త ప్రభుత్వం వచ్చింది. జులై 1న జీవో 63 వచ్చింది. పవన, సౌర విద్యుత్ ఒప్పందాలను తిరిగి బేరమాడటానికి ఉన్నత స్థాయి కమిటీ వేశారు. పవన విద్యుత్తుకు 4 రూపాయల 84 పైసలదాకా కడుతున్నాం, బయట వేలంలో అందులో సగానికే దొరుకుతోంది, మీరూ తగ్గించండి, లేకపోతే ఒప్పందాలు రద్దవుతాయి అని కంపెనీలకు లేఖలు వెళ్లాయి. అప్పటికి రాష్ట్రంలో ఒక్క పవన విద్యుత్తే సుమారు 4 వేల మెగావాట్లుంది.

ఆ ఆగస్టులో నేను అనంతపురం నుంచి తాడిపత్రి వైపు వెళ్తున్నాను. నైరుతి గాలి ఈడ్చి కొడుతోంది. ఏడాదిలో గాలిమరలకు పంట కాలం అదే. రోడ్డు పక్కన కొండ మీద వరసగా గాలిమరలు, రెక్కలు ముడుచుకున్నట్టు నిలబడి ఉన్నాయి. ఒక స్తంభం నీడలో గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు. నీడ సన్నగా, పొడుగ్గా ఉంది. అది జరిగే కొద్దీ గొర్రెలూ జరుగుతున్నాయి. తిరగడం లేదేం అని అడిగాను. "గాలి బాగనే ఉండాది సార్. పైనుంచి నిలిపేయమన్నారంట" అన్నాడు. గాలి, సూర్యుడు ఉన్నంతసేపు ఆ కరెంటు తీసుకుని తీరాలి, గ్రిడ్‌కు ప్రమాదం ఉంటే తప్ప ఆపకూడదు అని నిబంధన ఉంది. బొగ్గు ప్లాంటునైతే ధర ఎక్కువని ఆపొచ్చు, రేపు ఆ బొగ్గే కాల్చుకోవచ్చు. పోయిన గాలి పోయినట్టే. అందుకే ఆ నిబంధన. అయినా ఆ సీజన్‌లో తమ ప్లాంట్లను ఆపించేస్తున్నారని కంపెనీలు మొత్తుకున్నాయి.

వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరు 24న సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. అయితే రేటు సంగతి ఈఆర్‌సీ తేల్చాలని, అందాకా పవన విద్యుత్తుకు 2 రూపాయల 43 పైసలు, సౌర విద్యుత్తుకు 2 రూపాయల 44 పైసలు చొప్పున కట్టాలని మధ్యంతరంగా చెప్పారు. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. రెండున్నరేళ్ల తర్వాత, 2022 మార్చి 15న, డివిజన్ బెంచ్ ఆ భాగాన్ని పక్కనపెట్టింది. ఒప్పందంలో ఏ రేటుందో ఆ రేటే కట్టండి, బకాయిలు ఆరు వారాల్లో తీర్చండి అంది.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. 2019లో ప్రభుత్వం చేసిన ఫిర్యాదు ఉత్తిదేమీ కాదు. ధర ఎక్కువే. కానీ ఆ తప్పు జరిగింది 2015లో. వేలంతో పనిలేకుండా, ఎవరొచ్చినా ఇదే లెక్క అని 2020 మార్చి దాకా పవన విద్యుత్ రేటు కట్టే పద్ధతిని ముందే గీసి పెట్టారు. ధరలు నిచ్చెన దిగినట్టు దిగుతున్న రోజుల్లో ఐదేళ్లకు ఒకే పద్ధతిలో రేటు కట్టడం వివేకం కాదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం తరఫున సెకీ అనే సంస్థ పవన విద్యుత్తుకు మొదటి వేలం పెడితే 3 రూపాయల 46 పైసలే పలికింది. ముందుచూపు లేకుండా రేటు కట్టింది ఈఆర్‌సీ, ఆ రేటుకు సంతకాలు పెట్టింది డిస్కంలు. పెట్టాక మాట మాటే. కిందటి ప్రభుత్వం పెట్టిన సంతకమైనా సరే.

గుజరాత్‌దీ ఇదే కథ, ముగింపు వేరు. జాతీయ మిషన్ కంటే ఏడాది ముందే, 2009లోనే ఆ రాష్ట్రం సొంతంగా సౌర విధానం తెచ్చింది. మొదటి పన్నెండేళ్లు యూనిట్‌కు 15 రూపాయలు, ఆపై పదమూడేళ్లు 5 రూపాయలు అని ఒప్పందాలు రాసుకుంది. ధరలు పడిపోయాక అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ కూడా రేటు తగ్గించమంది. కానీ తమ ఈఆర్‌సీ ముందు పిటిషన్ వేసి అడిగింది. కుదరదని 2013లో ఈఆర్‌సీ చెప్పింది. స్పెయిన్ అయితే మనకంటే పెద్ద ఎత్తున మాట తప్పింది. 2007లో భారీ రేట్లు చూపించి సోలార్ కంపెనీలను పిలిచి, ఆర్థిక మాంద్యం రాగానే 2010 నుంచి 2013 దాకా పాత ప్లాంట్ల రేట్లకే కోత పెట్టింది. విదేశీ పెట్టుబడిదారులు అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర పదుల సంఖ్యలో కేసులు వేశారు. పరిహారం చెల్లించాలంటూ తీర్పుల మీద తీర్పులు వచ్చాయి.

మాట మీద నమ్మకం పోతే దానికీ ఒక ధర ఉంటుంది. ఇందాక చెప్పిన కేంద్ర సంస్థ సెకీ మధ్యలో నిలబడి, కంపెనీల దగ్గర కొని డిస్కంలకు అమ్ముతుంది. ఈ మధ్యవర్తిత్వానికి యూనిట్‌కు 7 పైసలు తీసుకుంటుంది. డిస్కం నేరుగా కొనొచ్చు కదా, ఈ 7 పైసలెందుకు? డిస్కం నెలల తరబడి బిల్లు కట్టకపోయినా సెకీ కడుతుందని బ్యాంకుల ధైర్యం. మన పరపతి మీద షావుకారు అప్పివ్వనప్పుడు మేనమామను హామీ సంతకం పెట్టమంటామే, అలాంటిది. ఆ పైసలు చివరికి మన బిల్లులోకే చేరతాయి.

బకాయిల విషయంలో కేంద్రం బెత్తం కూడా పట్టుకుంది. 2022లో ఆలస్య చెల్లింపుల నిబంధనలు తెచ్చి, బాకీ తీర్చని డిస్కంలు విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో కరెంటు కొనకుండా ఆపొచ్చంది. ఆ ఆగస్టులోనే 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల డిస్కంలను ఎక్స్ఛేంజీల నుంచి ఆపారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మేం కట్టేశాం, మీ లెక్కే తప్పు అని రాష్ట్రాలు గొడవపడ్డాయి. అప్పటి పత్రికల్లో రెండు వాదనలూ పక్కపక్కనే అచ్చయ్యాయి. బెత్తం పడ్డాక బకాయిలు తీర్చడంలో కదలిక వచ్చిన మాట మాత్రం నిజం.

ఇప్పుడు రెండు రాష్ట్రాలూ కొత్త విధానాలు ప్రకటించాయి. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చి 160 గిగావాట్లకు మించి లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ 2025 జనవరిలో తన విధానం తెచ్చి 2030 నాటికి ఇంకో 20 వేల మెగావాట్లు కలుపుతామంది. ఆ పుస్తకాల్లో రాయితీల జాబితాలు పొడుగ్గా ఉంటాయి. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది మామూలు వ్యవసాయ మోటారు.

రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో టార్చిలైటు పట్టుకుని చేలోకి వెళ్లి, స్టార్టర్ దగ్గర పాము కరిచి పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. మా బంధువుల్లోనూ ఒకరున్నారు. వ్యవసాయానికి పగలే కరెంటు ఇవ్వాలని రైతులు ఎన్నాళ్లుగా అడుగుతున్నారో మీకు తెలుసు. సూర్యుడు కరెంటిచ్చేదీ పగలే. సాయంత్రం ఆరు దాటాక, అందరూ ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు వేసే వేళకు సోలార్ చేతులెత్తేస్తుంది. దాన్ని నిలవ చేయాలంటే బ్యాటరీలు కావాలి, లేదా నీళ్లు కొండెక్కించి దించే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు కావాలి. రెండూ ఖర్చే. మోటారుకు ఆ బాధ లేదు. పగలు తోడిన నీళ్లే అది దాచుకున్న కరెంటు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో వ్యవసాయ ఫీడర్‌ను మొత్తంగా సోలార్‌తో నడిపే ఏర్పాటుంది. సబ్‌స్టేషన్ పక్కన నాలుగైదు ఎకరాలుంటే ఒక మెగావాట్ ప్లాంటు పడుతుంది. కరెంటు దూరం నుంచి రానక్కర్లేదు, లైనులో నష్టం తక్కువ. ఉచిత కరెంటు సబ్సిడీ భారమూ దిగుతుంది. దీనికి వేల ఎకరాల పార్కులు, గ్లాస్గో ప్రకటనలు అక్కర్లేదు. రిబ్బన్ కత్తిరించడానికి పెద్ద వేదిక కూడా దొరకదు. అందుకేనేమో నత్తనడక నడుస్తోంది.

మళ్లీ మా అమ్మ ప్రశ్నకు వస్తాను. "ఈ లెక్క ఎవరు వేశారు?" వేసిన నలుగురిలో మనం వెళ్లి ఎదురుగా నిలబడి అడగగలిగినవాళ్లు ఒక్కరే ఉన్నారు. ఈఆర్‌సీ. డిస్కంలు వచ్చే ఏడాది ఎంత కరెంటు, ఎవరి దగ్గర, ఏ రేటుకు కొంటాయో లెక్కలు రాసి ఏటా నవంబరు నెలాఖరుకు ఈఆర్‌సీకి ఇవ్వాలి. ఆ మీదట పత్రికల్లో చిన్న అక్షరాలతో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు పంపమంటారు. తర్వాత బహిరంగ విచారణ పెడతారు. ఎవరైనా వెళ్లి తెలుగులో మాట్లాడొచ్చు. 2015లో పవన విద్యుత్ రేటు ఖరారయిందీ ఇలాంటి ప్రక్రియలోనే. హాల్లో ముందు వరసలో కంపెనీల లాయర్లుంటారు. వెనక వరసల్లో ఒకరిద్దరు రైతు సంఘాలవాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైన ఇంజినీర్లు, చాలా ఖాళీ కుర్చీలు.

ఈసారి ఆ ప్రకటన కంట పడితే పేజీ తిప్పేయకండి. మీ బిల్లు పక్కన పెట్టుకుని, మీకు అర్థం కానిదేమిటో నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఏ చిరునామాకు పంపాలో, ఏ తేదీలోగా పంపాలో ఆ ప్రకటన అడుగునే ఉంటుంది.